ఒక్క క్యామ్, వెనక పెద్ద పటాలం

ఇంజిన్‌కు కొత్త ఊపిరి పోస్తుందని క్యామ్‌షాఫ్ట్ కొనేవారు దాని వెంట రావలసిన స్ప్రింగులు, కొలతలు, ట్యూనింగ్ సంగతి మరచిపోతే చివరకు షెడ్డులో మిగిలేది వంగిన వాల్వులే

మారుతి ఎస్టీమ్ ఉత్పత్తి 2007లోనే ఆగిపోయింది. కానీ స్పీడు పిచ్చి ఉన్నవారి మాటల్లో అది ఇంకా పరుగెడుతూనే ఉంది. కారణం దాని బానెట్ కింద ఉన్న 1298 సీసీ, 16 వాల్వుల ఇంజిన్. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 85 బిహెచ్‌పి. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్ జిప్సీలో పనిచేసింది, 2005లో వచ్చిన తొలి స్విఫ్ట్‌లోనూ పనిచేసింది. చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే మీద, హిమాలయాల ర్యాలీల్లో నలిగి నిగ్గుతేలిన ఇంజిన్ అది. సెకండ్‌హ్యాండ్‌లో అలాంటి కారు కొన్నవారు మొదట సైలెన్సర్ మారుస్తారు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఆ రెండింటితో శబ్దం తప్ప పెద్దగా ఏమీ పెరగలేదని అర్థమయ్యాక కన్ను క్యామ్‌షాఫ్ట్ మీద పడుతుంది.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. చాలా సందర్భాల్లో అక్కడే ముగుస్తుంది కూడా.

క్యామ్‌షాఫ్ట్ అంటే కోడిగుడ్డు ఆకారపు లోబ్‌లున్న కడ్డీ. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. తిరుగుతూ వాల్వులను నొక్కి తెరుస్తుంది. లోబ్ ఎంత ఎత్తుంటే వాల్వు అంత లోపలికి దిగుతుంది. దాన్ని లిఫ్ట్ అంటారు. లోబ్ ఎంత వెడల్పుంటే వాల్వు అంతసేపు తెరుచుకుని ఉంటుంది. అది డ్యూరేషన్. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. క్యామ్ డ్యూరేషన్ 240 డిగ్రీలైతే ఒక్కోసారి గాలి లోపలికి రావడానికి దొరికే వ్యవధి సెకనులో 150వ వంతు మాత్రమే. ఇంకాస్త ఎక్కువసేపు, ఇంకాస్త ఎక్కువ లోతుకు తెరిస్తే ఎక్కువ గాలి, దాంతో ఎక్కువ పెట్రోలు, దాంతో ఎక్కువ శక్తి. సిద్ధాంతం ఇంత సులువు.

చిక్కేమిటంటే, ఇంజిన్‌లో ఏ భాగమూ ఒంటరిగా బతకదు. ఫ్యాక్టరీలో ఇంజనీర్లు ఆ క్యామ్‌కు తగినట్టే స్ప్రింగులు, పిస్టన్ గుంటలు, కంప్రెషన్, కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్కలు అన్నీ కుదిర్చి పెట్టారు. క్యామ్ మారితే ఆ ఒప్పందం మొత్తం రద్దయినట్టే. కొత్త ఒప్పందం ఎవరు రాస్తారన్నదే ప్రశ్న.

మొదటి వంతు స్ప్రింగులది. వాల్వును తెరిచేది క్యామ్ అయినా, మూసేది స్ప్రింగే. ఈ సంగతి చాలామందికి తట్టదు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ వాల్వు, దాని తలమీది రిటైనర్, రాకర్ అన్నీ అంతకంత జోరుగా విసిరేసినట్టు కదులుతాయి. ఆ బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. అంటే 6000 చుట్ల నుంచి 7500కు వెళితే వేగం పెరిగింది పాతిక శాతమే, కానీ స్ప్రింగు అదుపు చేయవలసిన బలం 56 శాతం పెరుగుతుంది. లోబ్ వాలు నిటారుగా ఉన్న క్యామ్ అయితే ఇంకా ఎక్కువే. స్ప్రింగుకు ఆ సత్తువ లేకపోతే రాకర్ లోబ్‌ను వదిలి గాల్లో తేలుతుంది. వాల్వు మూసుకోవలసిన వేళకు మూసుకోదు, మూసుకున్నా సీటు మీద పడి బంతిలా ఎగురుతుంది. పవర్ ఒక్కసారిగా పడిపోతుంది. అదృష్టం బాగుంటే అంతటితో సరి. బాగోలేకపోతే పైకి వస్తున్న పిస్టన్‌కు వాల్వు ఎదురుపడుతుంది.

అలాగని దొరికినవాటిలో గట్టి స్ప్రింగు తెచ్చి బిగించడం మందు కాదు. మరీ గట్టి స్ప్రింగు లోబ్‌నూ రాకర్‌నూ అరగదీస్తుంది, టైమింగ్ బెల్ట్ మీద భారం పెంచుతుంది, వచ్చిన శక్తిలో కొంత తానే తినేస్తుంది. పైగా గట్టిదనం ఒక్కటే కొలత కాదు. మచ్చుకు హెడ్‌లో బిగించినప్పుడు స్ప్రింగు ఎత్తు 34 మిల్లీమీటర్లు అనుకుంటే, చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునేదాకా నొక్కితే 24 అనుకుంటే, దానికి నలిగే వీలు 10 మిల్లీమీటర్లు. పాత క్యామ్ లిఫ్ట్ 8 మిల్లీమీటర్లయితే ఇంకా 2 మిగులుతాయి. 9.5 లిఫ్ట్ ఉన్న కొత్త క్యామ్ వేస్తే మిగిలేది అర మిల్లీమీటరే. కనీసం 1 మిల్లీమీటరైనా ఉండాలన్నది ఇంజిన్ కట్టేవారి కట్టుబాటు. చుట్లు ఆనుకుపోతే స్ప్రింగు ఇక స్ప్రింగు కాదు, ఇనుప గొట్టం. తిరిగే క్యామ్‌కు అడ్డంగా ఇనుప గొట్టం పెడితే ఏదో ఒకటి విరగాల్సిందే.

ఇదే కొలత రిటైనర్‌కూ వర్తిస్తుంది. స్ప్రింగును పైనుంచి పట్టి ఉంచే ఆ చిన్న పళ్లెం, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కిందనున్న ఆయిల్ సీల్‌ను తాకకూడదు. ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం ఉంటే నిశ్చింత. తాకితే సీల్ చితికిపోయి సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. అప్పుడు మెకానిక్ రింగులు పోయాయంటాడు. యజమాని నమ్మి ఇంజిన్ దించుతాడు. పైభాగం ఇరుకుగా ఉండే తేనెపట్టు ఆకారపు స్ప్రింగులకు గిరాకీ పెరగడానికి కారణం కూడా ఇదే కోవలోది. వాటికి చిన్న రిటైనర్ చాలు. బరువు తగ్గితే అదే స్ప్రింగు మరికొన్ని వందల చుట్లు ఎక్కువగా అదుపు చేయగలదు. టైటానియం రిటైనర్ల మోజు వెనకున్న తర్కమూ అదే. కాకపోతే రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో అవి ఖర్చుకు తగిన ప్రయోజనం ఇవ్వవు. మంచి ఉక్కు రిటైనర్లు, కొత్త వాల్వ్ లాకులు చాలు.

తర్వాతి ప్రమాదం మరీ చిన్న చోట దాక్కుని ఉంటుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ ముగిసి ఇన్‌టేక్ మొదలయ్యే సంధిలో రెండు రకాల వాల్వులూ కాస్త కాస్త తెరుచుకుని ఉంటాయి. దాన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. సరిగ్గా అదే సమయానికి పిస్టన్ పై కొసకు చేరుతుంది. డ్యూరేషన్ పెరిగితే ఈ ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కు మరింత దగ్గరవుతాయి. ఇన్‌టేక్ వాల్వుకు 2 మిల్లీమీటర్లు, వేడికి సాగే ఎగ్జాస్ట్ వాల్వుకు 2.5 మిల్లీమీటర్లు ఎడం ఉండాలన్నది స్థూలంగా అందరూ పాటించే లెక్క. దీన్ని కొలిచే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. పిల్లలు ఆడుకునే బంకమట్టిని పిస్టన్ తలపై అద్ది, హెడ్ బిగించి, చేత్తో ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పి, మళ్లీ హెడ్ విప్పి, వాల్వు నొక్కుకున్న చోట మట్టి మందం కొలుస్తారు. గంటల పని. ఆ గంటలకు కూలి ఇవ్వడం ఇష్టం లేకే చాలామంది ఈ మెట్టు దాటేస్తారు.

ఆ పైన కంప్రెషన్. దీర్ఘ డ్యూరేషన్ క్యామ్ ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూస్తుంది. పిస్టన్ పైకి బయల్దేరాక కూడా వాల్వు తెరిచే ఉంటుంది కాబట్టి, తక్కువ వేగంలో వచ్చిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దాంతో కింది గేర్లలో పికప్ చచ్చిపోతుంది. ట్రాఫిక్‌లో రెండో గేరులో నెమ్మదిగా సాగవలసిన కారు గుక్కపట్టిన పిల్లాడిలా ఊగుతుంది. దీనికి విరుగుడు కంప్రెషన్ నిష్పత్తి పెంచడం. దానికి మన షెడ్లలో తెలిసిన దారి హెడ్ ఫేసింగ్, అంటే హెడ్ అడుగు భాగాన్ని కొంత చెక్కేయడం.

ఎంత చెక్కాలి? ఎస్టీమ్ ఇంజిన్ బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75.5. ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. నిష్పత్తి 9.5 ఉన్న అలాంటి ఇంజిన్‌ను 10.5కు తేవాలంటే పైన మంట మండే గదిలో దాదాపు 4 సీసీ తగ్గించాలి. లెక్క వేస్తే చెక్కవలసిన మందం ఇంచుమించు 1 మిల్లీమీటరు. ఇప్పుడు వెనక్కి వెళ్లి వాల్వు, పిస్టన్‌ల మధ్య ఎడం గుర్తు చేసుకోవాలి. ఎంతో కష్టపడి కొలిచిన ఆ 2 మిల్లీమీటర్లలో దాదాపు సగం ఈ ఫేసింగ్‌తోనే ఎగిరిపోయింది. అంతేకాదు, హెడ్ కిందికి దిగినందువల్ల క్యామ్, క్రాంక్‌ల మధ్య దూరం తగ్గి, బెల్ట్ మీద క్యామ్ టైమింగ్ కొద్దిగా వెనకపడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే సర్దుబాటు చేసుకునే క్యామ్ పుల్లీ కావాలి. పుల్లీని సరిగ్గా అమర్చాలంటే డిగ్రీ చక్రం, డయల్ గేజ్ కావాలి. ఒక భాగం మరో భాగాన్ని ఎలా లాక్కొస్తుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కంప్రెషన్ పెంచాక బంకు దగ్గర కూడా ఎంపిక మారుతుంది. ఆక్టేన్ చాలకపోతే ఇంజిన్ నాకింగ్ మొదలుపెడుతుంది, సాగనిస్తే పిస్టన్ తల కరిగిపోతుంది. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చినా అది అన్ని ఊళ్లలో దొరకదు, ధర మామూలు పెట్రోలుకు చాలా పైన. ఇక 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వచ్చాక మరో కోణం చేరింది. ఇథనాల్‌కు నాకింగ్‌ను ఆపే గుణం ఉంది, అది మంచిదే. కానీ లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి ఇంజెక్టర్లు ఎక్కువ పరిమాణం పోయాలి. పెద్ద క్యామ్‌తో ముందే అంచున ఉన్న ఇంజెక్టర్లు పై వేగాల్లో చేతులెత్తేస్తే మిశ్రమం పలచబడి వాల్వులు కాలిపోతాయి.

మన దగ్గర కొత్త క్యామ్ కొనేవారి కన్నా పాతదాన్నే మళ్లీ గ్రైండింగ్ చేయించేవారు ఎక్కువ. ఖర్చు తక్కువ కాబట్టి ఇది తప్పు పట్టవలసిన పనేమీ కాదు. కాకపోతే అందులోని కిటుకు తెలియాలి. ఇనుమును అతికించలేరు కాబట్టి లోబ్ ఎత్తు పెంచడానికి దాని వీపు భాగాన్ని అరగదీస్తారు. లోబ్ మొత్తం చిన్నదవుతుంది, వాల్వుకు మాత్రం లిఫ్ట్ పెరుగుతుంది. అప్పుడు రాకర్ ఎక్కువ కిందికి వాలుతుంది, ట్యాపెట్ స్క్రూ చాలా దూరం బయటకు తిప్పాల్సి వస్తుంది, స్క్రూ కొస వాల్వు తల మధ్యలో కాక పక్కన నొక్కుతుంది. వాల్వు గైడు అరుగుతుంది. పైగా క్యామ్ గట్టిదనం అంతటా ఒకేలా ఉండదు. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపిన షోలాపూర్‌లో 1992లో మొదలైన ప్రిసిషన్ క్యామ్‌షాఫ్ట్స్ సంస్థ దేశవిదేశాల కార్ల కంపెనీలకు లక్షల్లో క్యామ్‌లు పోత పోసింది. ఆ తరహా పోతలో లోబ్‌ల పైపొరను వేగంగా చల్లార్చి గట్టిపరుస్తారు. గట్టి పొర కొంత లోతు వరకే. గ్రైండింగ్ దాన్ని దాటితే కింద మెత్తని ఇనుము బయటపడి కొన్ని వేల కిలోమీటర్లకే లోబ్ గుండ్రంగా అరిగిపోతుంది. రాకర్ జారుతూ నడిచే క్యామ్‌లకు తొలి 20 నిమిషాలు 2000 చుట్లకు తగ్గకుండా ఇంజిన్ నడిపి అలవాటు చేయడం, జింకు, భాస్వరం ఉన్న ఆయిల్ వాడటం పాత మెకానిక్‌లు కచ్చితంగా పాటించే నియమాలు. 2004 తర్వాత వచ్చిన పలచని గ్రేడు ఆయిల్స్‌లో కాటలిటిక్ కన్వర్టర్ కోసం భాస్వరం తగ్గించారు. కొత్త ఆయిల్ ఖరీదైనది కాబట్టి మంచిదే అనుకుంటే ఇక్కడ పొరబడినట్టే.

బ్రేకుకూ లంకె

ట్యూనింగ్ అనగానే అందరూ పవర్ గురించే మాట్లాడతారు. పెద్ద క్యామ్‌తో వచ్చే మరో చిక్కు నేరుగా ప్రాణాలకు సంబంధించింది. బ్రేకు పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ పనిచేసేది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని వాక్యూమ్ మీద. మామూలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో అది పాదరసం కొలతలో 18 అంగుళాల దగ్గర ఉంటే, ఓవర్‌ల్యాప్ బాగా పెరిగిన క్యామ్‌తో 10కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డులో దిగుతూ వరుసగా రెండుమూడు సార్లు బ్రేకు నొక్కితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వాక్యూమ్ నిల్వచేసే డబ్బా, లేదంటే ప్రత్యేక పంపు అమర్చుకోవాలి. క్యామ్ అమ్మేవారి ధరల పట్టికలో ఇది కనిపించదు.

అదే వాక్యూమ్ కంప్యూటర్‌నూ తికమక పెడుతుంది. ఎస్టీమ్ లాంటి కార్లలో మ్యానిఫోల్డ్ పీడనం చూసే ఇంజిన్ మీద ఎంత భారం పడుతోందో ఇసియు అంచనా వేస్తుంది. వాక్యూమ్ తగ్గేసరికి కారు గుట్ట ఎక్కుతోందని భ్రమపడి అనవసరంగా పెట్రోలు పోస్తుంది. ఐడ్లింగ్ కుదరదు, ప్లగ్గులు నల్లబడతాయి. అందుకే మధ్యలో చేర్చే పిగ్గీబ్యాక్ పెట్టె అయినా, మొత్తంగా మార్చే స్టాండలోన్ ఇసియు అయినా తప్పదు. దాన్ని డైనో మీద గంటలకొద్దీ సరిచేసే మనిషి అంతకన్నా అవసరం. క్యామ్ పనికి కేటాయించిన డబ్బులో అందరికన్నా ఎక్కువ వాటా ఇతనికి దక్కడం న్యాయం. ఈ ఖర్చులో పొదుపు చేసి, ఆ మిగిలిన డబ్బుతో అల్లాయ్ చక్రాలు కొనే యజమానులకు మాత్రం కొదవ లేదు.

కింది భాగాన్నీ పట్టించుకోవాలి. 6000 చుట్ల దగ్గర ఈ ఇంజిన్‌లో పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. 8000 దగ్గర 20 దాటుతుంది. పాతికేళ్ల నాటి కనెక్టింగ్ రాడ్ బోల్టులను ఆ వేగానికి తీసుకెళ్లడం జూదమే. ఎగ్జాస్ట్ సంగతి అంత జటిలం కాదు. రోడ్డు కారుకు నాలుగు గొట్టాలు రెండై, రెండు ఒకటయ్యే 4-2-1 హెడర్ మధ్య వేగాల్లో పట్టు ఇస్తుంది. శబ్దం కోసం బజారులో దొరికే లావుపాటి గొట్టం ఇవ్వదు.

ఇదంతా చేసినా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్టానికి తెచ్చిన సవరణ, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ఆర్‌సిలో క్యామ్‌షాఫ్ట్ గడి ఉండదు కదా అని వాదించేవారున్నారు. కానీ పొల్యూషన్ పరీక్ష యంత్రం ఆర్‌సి చూడదు. ఓవర్‌ల్యాప్ పెరిగితే మండని పెట్రోలు ఐడ్లింగ్‌లో నేరుగా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. భారత్ స్టేజ్ 2, 3 పెట్రోలు కార్లకు హైడ్రోకార్బన్ల పరిమితి 750 పిపిఎం, స్టేజ్ 4 కార్లకు 200. రేసు క్యామ్‌కు ఆ గీత లోపల ఉండటం దాదాపు అసాధ్యం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే ప్రశ్నలు వేరే.

ట్రాక్ కారుకైతే ఈ బాధల్లో సగం ఉండవు. అక్కడ ఐడ్లింగ్‌తో పనిలేదు, 4000 చుట్ల కింద ఇంజిన్ ఎలా ఏడ్చినా ఎవరూ పట్టించుకోరు. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి సింగిల్ సీటర్లను రూపొందించిన కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ కాలం నుంచి దక్షిణాది రేసర్లు ఈ సూత్రం మీదే నడిచారు. సమస్యల్లా ట్రాక్ కారు క్యామ్‌ను అమీర్‌పేట ట్రాఫిక్‌లోకి తెచ్చుకోవడమే. తక్కువ, ఎక్కువ వేగాలకు రెండు వేర్వేరు లోబ్‌లు పెట్టి ఈ చిక్కుముడి విప్పడం హోండా 1989లోనే వీటెక్‌తో చేసి చూపించింది. 2000 దశకం తొలినాళ్లలో మన రోడ్లమీదికి వచ్చిన హోండా సిటీ వీటెక్ 1500 సీసీ నుంచే 106 బిహెచ్‌పి ఇచ్చింది, అదీ వారంటీతో. టాటా, కోయంబత్తూరుకు చెందిన జయెమ్ కలిసి 2018లో తెచ్చిన టియాగో జెటిపి టర్బో దారి ఎంచుకుంది. 2020కల్లా అది మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దూసుకుపోయిన ఫార్ములా ఇ కార్లకైతే క్యామ్ అనేదే లేదు.

అయినా పాత ఇంజిన్ మీద మమకారం చావనివారు ఎంపికను తలకిందులుగా మొదలుపెట్టడం మేలు. కారు ఎక్కువగా ఏ వేగాల్లో తిరుగుతుంది, ఏ పెట్రోలు దొరుకుతుంది, రాడ్ బోల్టులు ఎన్ని చుట్లు భరిస్తాయి అన్నవి ముందు కాగితం మీద పెట్టాలి. తర్వాత స్ప్రింగు ఎంత లిఫ్ట్ భరించగలదో కొలవాలి. ఆ కొలతల్లో ఒదిగే క్యామ్‌ను చివర్లో ఎంచుకోవాలి. రోజువారీ కారుకు అది దాదాపు ఎప్పుడూ కేటలాగ్‌లోని అతి చిన్న క్యామే అవుతుంది. డ్యూరేషన్ పది పదిహేను డిగ్రీలు, లిఫ్ట్ అర మిల్లీమీటరు పెరిగినవి. గొప్పగా చెప్పుకోవడానికి పనికిరావు. నడపడానికి హాయిగా ఉంటాయి.

బిగింపు అంతా అయ్యాక మంచి మెకానిక్ వెంటనే తాళం తిప్పడు. ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ తగిలించి, చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు పూర్తిగా తిప్పుతాడు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం ఉపయోగించడు. బెల్ట్ మళ్లీ విప్పుతాడు.